బ్రిటన్‌కు పంపిన చిప్స్ ఆగిపోతే తప్పు ఎక్కడ వెతకాలి

విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఆలూ చిప్స్ బ్రిటన్‌కు పంపాలనుకునే చిన్న యూనిట్ల కోసం, అక్కడ వాటిని తెప్పించుకుని అమ్మే మనవాళ్ల కోసం రాస్తున్నాను. సరుకు ఆగిందనగానే అందరూ ముందు క్లియరింగ్ ఏజెంట్‌కు ఫోన్ చేస్తారు. కాగితాల తప్పయితే ఆయన సరిచేయగలడు. కానీ సరుకంతా పారబోయించే తప్పులు దుంప కొన్న చోట, కారం పట్టించిన చోట పుడతాయి. వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

సమస్య: ల్యాబ్ రిపోర్టులో ఆక్రిలమైడ్ ఎక్కువ వచ్చింది

ఆక్రిలమైడ్ అంటే దుంపను బాగా వేడిలో వేయించినప్పుడు పుట్టే హానికర రసాయనం. కొనేవాళ్లు ఎక్కువగా పట్టుబట్టే అంకె ఇదే. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న యూరప్ నిబంధన ప్రకారం చిప్స్‌కు ప్రామాణిక స్థాయి కిలోకు 750 మైక్రోగ్రాములు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక కూడా బ్రిటన్ ఆ స్థాయినే ఉంచుకుంది. ఇది దాటితే వెంటనే నేరం కాదు. కానీ తయారీ పద్ధతిని సరిచేసుకుంటున్నామని చూపించాలి, అది చూపించలేనివాళ్ల దగ్గర పెద్ద షాపులవాళ్లు సరుకు తీసుకోరు.

కారణం: దుంపలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, గ్లూకోజ్ లాంటి చక్కెరలు 120 డిగ్రీలు దాటిన వేడిలో కలిసినప్పుడు ఆక్రిలమైడ్ పుడుతుంది. కూరకు వాడే దుంపను కోల్డ్ స్టోరేజీలో 2 నుంచి 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ చలికి దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది. అలాంటి దుంపను మార్కెట్లో బస్తా చవకగా దొరికిందని తెచ్చి వేయిస్తే చిప్స్ గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ రంగే మొదటి హెచ్చరిక.

పరిష్కారం: చిప్స్ కోసమే పండించే రకాలు కొనండి: కుఫ్రీ చిప్సోనా, లేడీ రోసెట్టా, అట్లాంటిక్. లారీ దించుకునే ముందే ప్రతి లాట్ నుంచి కొన్ని దుంపలు కోసి వేయించి రంగు చూడండి. ముదురు రంగు వస్తే ఆ లాట్ ఎగుమతికి వద్దు. ముక్కల్ని నీళ్లలో బాగా కడిగితే పైనున్న చక్కెర కొంత పోతుంది. నూనెలోంచి చిప్స్ బయటికి వచ్చే చోట వేడి 168 డిగ్రీల లోపు ఉండేలా చూసుకోండి. మాడిన ముక్కల్ని ఏరేయడానికి మనిషిని పెట్టండి. ఆ జీతం దండగ అనుకోవద్దు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. చక్కెర పెరగకుండా దుంపను 10 నుంచి 12 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తే మొలకలు వస్తాయి. అవి రాకుండా మన దేశంలో చాలా గోడౌన్లలో సీఐపీసీ అనే మందు పొగ పెడతారు. యూరోపియన్ యూనియన్ 2019లో ఆ మందుకు అనుమతి పొడిగించలేదు. ఆక్రిలమైడ్ తప్పించుకోబోయి అవశేషాల పరీక్షలో దొరికిపోతారు. కాబట్టి పొగ పెట్టారా లేదా అన్నది గోడౌన్‌వాళ్ల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నా మాటయితే ఎగుమతి బ్యాచ్‌లను తాజా పంట మీదే పెట్టుకోండి: ఫిబ్రవరి, మార్చిలో ఉత్తరాది పంట, వానాకాలం తర్వాత కర్ణాటకలో హాసన్ వైపు పంట. నిల్వ లేకపోతే ఈ రెండు తలనొప్పులూ సగానికి తగ్గుతాయి.

సమస్య: ఉప్పు చిప్స్ పాస్ అయ్యాయి, కారం చిప్స్ ఆగిపోయాయి

కారణం దుంప కాదు, కారమే. ఎండు మిరపలో బూజు విషమైన అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 దాటకూడదు. సరిగా ఎండని, తడి తగిలిన కాయలో బూజు పట్టి ఇది పుడుతుంది. రెండోది సుడాన్ రంగు, అంటే ఎర్రగా కనిపించడానికి కలిపే, తిండికి పనికిరాని రంగు. కారంలో అది ఉండనే కూడదు. ఇలాంటి కారం వల్లే 2005లో బ్రిటన్‌లో వందల రకాల ఆహార పదార్థాలను షాపుల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మూడోది, మసాలాలో క్రిములు చంపడానికి కొందరు వాడే ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు.

పరిష్కారం: పొడి కొనకండి. గుంటూరు మిర్చి యార్డు పక్కనే ఉండి ఎవరో పట్టిన కారం కొనడం నాకు అర్థం కాని విషయం. కాయ కొని, తాలు కాయ ఏరి, మీ ఎదుటే పట్టించుకోండి. లాట్ వారీగా పరీక్ష చేయించండి. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. స్టెరిలైజ్ చేయాలంటే ఆవిరి పద్ధతే అడగండి.

సమస్య: లేబుల్ మీద అభ్యంతరం

ప్రాణాల మీదికి తెచ్చేది ఎలర్జీ పదార్థం చెప్పకపోవడమే. బ్రిటన్‌లో 14 పదార్థాలను పదార్థాల జాబితాలో విడిగా కొట్టొచ్చినట్టు చూపించాలి. మన వంటింటి అలవాట్ల వల్ల మూడు తప్పులు జరుగుతాయి. మార్కెట్లో దొరికే ఇంగువ పొడుల్లో చాలావాటిలో గోధుమ పిండి కలిసి ఉంటుంది. వేరుశనగ నూనెలో వేయిస్తే వేరుశనగ అని రాయాలి, రిఫైన్డ్ అయినా సరే. అదే లైన్‌లో నువ్వులు, ఆవాలు తగిలిన సరుకు చేస్తే దాని సంగతీ చూసుకోవాలి. ఒక పిల్లవాడికి ఊపిరాడకపోతే ఏ బీమా డబ్బూ దానికి జవాబు కాదు.

మిగతావి తేలిక. సోడియం బదులు ఉప్పు గ్రాముల్లో, అంటే సోడియం అంకెను రెండున్నరతో హెచ్చించి రాయాలి. శక్తిని కిలోజూల్స్, కిలో క్యాలరీలు రెండింటిలో చూపాలి. "తయారైన నాలుగు నెలల వరకు" అని కాకుండా తేదీనే వేయాలి. బ్రిటన్ దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో లాంటి రంగులు వేస్తే పిల్లల ప్రవర్తన గురించిన హెచ్చరిక తప్పనిసరి. ఆ రంగులు మానేయడమే మేలు. పాలపొడి ఉన్న మసాలాకు జంతు ఉత్పత్తుల నిబంధనలూ తోడవుతాయి, మొదటి షిప్‌మెంట్‌లో అది పెట్టకండి.

సమస్య: ప్యాకెట్ విప్పితే పాత నూనె వాసన

వారాల తరబడి కంటైనర్ ఎండలో ఉడుకుతుంది. నూనెను మళ్లీ మళ్లీ వాడి ఉంటే అక్కడ బయటపడుతుంది. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిమితి ప్రకారం టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె కాగినకొద్దీ అందులో పెరిగే పాడైన పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదు. ఎగుమతికి అంతదాకా పోనివ్వకండి. ప్యాకెట్లో నైట్రోజన్ నింపండి, మెటలైజ్డ్ ఫిల్మ్ వాడండి, సీల్ పక్కన మసాలా పొడి చిక్కకుండా చూడండి. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని ప్యాకెట్లు ఇక్కడే దాచి, తేదీ ముగిసేదాకా నెలనెలా ఒకటి విప్పి చూడండి.

సమస్య: సరుకు చేరింది, కానీ షాపులో ముందు వరుసలో పెట్టడం లేదు

ఇది మీ తప్పు కాదు. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ నుంచి ఉప్పు, కొవ్వు ఎక్కువున్న చిప్స్‌ను పెద్ద షాపుల్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర, గుమ్మం దగ్గర పెట్టకూడదు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థల షాపుల్లో 2,000 చదరపు అడుగులు దాటినవాటికి ఇది వర్తిస్తుంది. మనవాళ్ల చిన్న కొట్లకు ఈ అడ్డు లేదు. మొదట అక్కడే అమ్ముకుంటే మంచిది.