పాజ్ నొక్కగలిగినవే ప్యాక్ చేయండి

నాలుగు రోజులు ఇంటికి వెళ్తున్నాం అనగానే చేసే తప్పు బ్యాగు సర్దడంలోనే మొదలవుతుంది. సగంలో ఉన్న గేమ్, ఇంకో మూడు ఎపిసోడ్లు చూస్తే అయిపోయే అనిమే (జపాన్ యానిమేషన్), కొని ఏడాదైనా అట్ట తెరవని లావుపాటి పుస్తకాలు, అన్నీ కుక్కేసి ఈసారి తీరిగ్గా పూర్తి చేసేస్తానని బయల్దేరతాం. తిరిగొచ్చేటప్పుడు ఒక్క పేజీ కూడా తగ్గకుండా అదే బరువు మోసుకొస్తాం. పైగా "వచ్చిన దగ్గర్నుంచీ దాంట్లోనే తల దూర్చుకుని కూర్చున్నావు" అన్న మాట బోనస్. అటు చదివిందీ లేదు, ఇటు మనుషులతో గడిపిందీ లేదు. ఏళ్ల తరబడి నేను చేసింది ఇదే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఇప్పుడు నాకున్నది ఒక్కటే రూలు. ఎవరు ఎప్పుడు పిలిచినా, ఏమీ పోగొట్టుకోకుండా, మొహం చిట్లించకుండా పక్కన పెట్టేయగలిగినదైతేనే బ్యాగులోకి వెళ్తుంది. అది ఎంత గొప్ప గేమ్, ఎంత మంచి పుస్తకం అన్నది తర్వాత సంగతి. మనవాళ్ల ఇంట్లో టైమ్ గంటల లెక్కన దొరకదు, 20 నిమిషాల ముక్కలుగా దొరుకుతుంది, ఆ ముక్క ఎప్పుడు మొదలై ఎప్పుడు తెగుతుందో మన చేతిలో ఉండదు.

ఈ రూలు ఎలా పుట్టిందంటే, ఒకసారి ఆన్‌లైన్‌లో ర్యాంక్డ్ మ్యాచ్ (గెలుపోటముల్ని బట్టి మన ర్యాంకు మారే టీమ్ ఆట) మధ్యలో ఉండగా అమ్మ భోజనానికి పిలిచింది. ఒక్క నిమిషం అన్నాను. ఆ ఒక్క నిమిషం 25 నిమిషాలైంది. వదిలేసి లేస్తే టీమ్‌లో మిగతా వాళ్లు తిడతారు, గేమ్ పెనాల్టీ వేస్తుంది, లేవకపోతే బల్ల దగ్గర నలుగురూ నా కోసం కూర్చుని ఉంటారు. చివరికి మ్యాచ్ ఓడిపోయి, చల్లారిన కంచం ముందు కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అందుకే ఆన్‌లైన్ మ్యాచ్‌లు అందరూ పడుకున్నాక ఆడితే ఆడండి, లేదా ఆ నాలుగు రోజులూ వాటి జోలికే పోకండి.

మరి ఏది పనికొస్తుంది? గేమ్ అయితే ముందు అది ఎలా సేవ్ అవుతుందో చూడండి. నింటెండో స్విచ్, స్టీమ్ డెక్ లాంటి చేతి కన్సోళ్లలో పవర్ బటన్ ఒకసారి నొక్కితే ఆట ఎక్కడున్నది అక్కడే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే అక్కడే లేస్తుంది. చేతిలో పట్టుకుని ఆడేవాటికి ఇంతకన్నా పెద్ద వరం లేదని నా అభిప్రాయం. వంతులవారీగా ఆడే ఆటలు, పజిళ్లు, వ్యవసాయం చేసుకునే నెమ్మది ఆటలు హాయిగా ఉంటాయి. మధ్యలో ఆపలేని పావుగంట కట్‌సీన్లు (ఆడకుండా చూస్తూ కూర్చోవాల్సిన కథ సీన్లు) ఉన్నవి, సేవ్ పాయింట్ కోసం అరగంట పరిగెత్తించేవి వద్దు.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఒక పని తప్పకుండా చేయండి, వైఫై ఆపేసి, తీసుకెళ్లాలనుకున్న ప్రతి గేమూ ఒకసారి తెరిచి చూడండి. అవతల నెట్ ఎలా ఉంటుందో తెలీదు. డిజిటల్‌గా కొన్న ఆటల్లో కొన్ని మొదటిసారి నెట్ లేకుండా తెరుచుకోవు, గేములు అమ్మే స్టీమ్ యాప్‌లో ఆఫ్‌లైన్ మోడ్ ఉన్నా నెట్ ఉన్నప్పుడే లాగిన్ అయి, అప్‌డేట్లన్నీ పూర్తి చేసుకుని ఉంచుకోవాలి. డౌన్‌లోడ్ చేసుకున్న అనిమేకి ఇంకో తిరకాసు ఉంది, వాటికి గడువు ఉంటుంది, కొన్ని యాప్‌లలో అయితే ఒకసారి ప్లే నొక్కాక 48 గంటల్లో చూసేయాలి. "కొంచెం చూసి ఆపుదాం" అని రైల్లో నాలుగు ఎపిసోడ్లు తలా రెండు నిమిషాలు తెరిచారనుకోండి, ఇంటికెళ్లి రెండు రోజులు మాట్లాడి వచ్చేసరికి అవి ఉండవు.

విమానంలో వెళ్లేవాళ్లు పవర్ బ్యాంక్‌ను చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉంచాలి. మామూలుగా 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) వరకు ఇబ్బంది ఉండదు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది 3.7 వోల్టులతో లెక్కేస్తే 74 వాట్ అవర్లే కాబట్టి కంగారక్కర్లేదు.

ఇంటికి చేరాక మొదటి సాయంత్రం ఏదీ బయటికి తీయకండి. నిజంగా ఏదీ. రెండో రోజు నుంచి దాచుకోకుండా చెప్పేయండి, "మధ్యాహ్నం ఓ గంట నేను ఆడుకుంటాను" అని. ఇలా చెప్పడం చిన్నపిల్లాడిలా అనిపిస్తుంది కానీ, దొంగచాటుగా ఆడితేనే గొడవ, చెప్పి ఆడితే ఎవరికీ పట్టదు. ఆడేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపేసుకోకండి, హాల్లోనే ఓ మూల కూర్చోండి, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. సగం మాటలు అలా పక్కన కూర్చున్నప్పుడే వస్తాయి. నాన్న పేపరు చదువుతూ, నేను ఆట ఆడుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకున్న విషయాలు ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరి నోటి నుంచీ వచ్చేవి కావు.

ఇక వాళ్లతో కలిసి ఆడే సంగతి. మీకు నచ్చిన గేమ్ వాళ్లకు చూపించి ఒప్పించాలని చూడకండి, ఆ ఉత్సాహం నాకు తెలుసు, 80 గంటల కథ ఉన్న ఆటను అత్తయ్యకి వివరించబోయిన చరిత్ర నాది. అసలు ఆట ముట్టని వాళ్లకి టెట్రిస్ ఇవ్వండి. 1984లో పుట్టిన ఆట, కథ లేదు, పాత్రలు లేవు, పైనుంచి పడుతున్నవి కింద సర్దాలి, అంతే. ఇల్లు సర్దేవాళ్లెవరికైనా అర్థమైపోతుంది. మా అమ్మ మొదటిసారి ఆడినప్పుడు ముక్కను పక్కకి జరపాలంటే బటన్‌తో పాటు రెండు చేతులూ, భుజాలూ, చివరికి కుర్చీలోంచి తను కూడా అటు వంగేది. పొడుగు ముక్క పడి నాలుగు వరసలు ఒకేసారి మాయమైనప్పుడు ఏదో తప్పు చేశాననుకుని బెదిరిపోయి కన్సోల్ నా చేతిలో పెట్టేసింది. మంచిదే జరిగిందని నమ్మించడానికి రెండు నిమిషాలు పట్టింది. మర్నాడు ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలని తనే అడిగింది.

పిల్లలుంటే మారియో కార్ట్ 8 డీలక్స్ లాంటివి బాగుంటాయి. అందులో బండి దారి తప్పకుండా ఆపే స్మార్ట్ స్టీరింగ్, దానంతటదే నడిచే ఆటో యాక్సిలరేట్ అని రెండు సెట్టింగులున్నాయి, అవి రెండూ పెట్టేస్తే నాలుగేళ్ల పిల్లలు కూడా రేసు పూర్తి చేస్తారు. మామూలు స్విచ్‌కి పక్కన ఉండే రెండు చిన్న కంట్రోలర్లు విడదీసి చెరొకటి ఇస్తే ఇద్దరు ఆడొచ్చు, విడిగా ఇంకేమీ కొనక్కర్లేదు. పిల్లల్ని గెలిపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను గెలిపించను, కానీ చివరి మలుపులో కాస్త నెమ్మదిస్తాను.

(ఇక్కడ ఓ నిజం ఒప్పుకోవాలి. చిన్నప్పుడు తమ్ముడు ఆడతానని ఏడిస్తే వైరు గుచ్చని రెండో కంట్రోలర్ చేతికిచ్చి, తెర మీద ఉన్నది నువ్వేరా అని నమ్మించేవాణ్ణి. కొన్ని నెలలు నడిచింది. బాగా ఆడుతున్నావని మెచ్చుకునేవాణ్ణి కూడా.)

అనిమే విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎపిసోడ్ 24 నిమిషాల లోపే, అందులో మొదట, చివర వచ్చే పాటలు చెరో నిమిషంన్నర, కాబట్టి ముక్కల టైమ్‌కి సరిగ్గా సరిపోతుంది. 12 ఎపిసోడ్ల సీజన్ మొత్తం ఐదు గంటల లోపే. పాత జ్ఞాపకాల కోసం డ్రాగన్ బాల్ జీ మొదట్నుంచి చూద్దామనుకునే వాళ్లు మాత్రం లెక్కేసుకోండి, 291 ఎపిసోడ్లు, నిద్ర లేకుండా చూసినా దాదాపు ఐదు రోజులు. మీకు నచ్చిన ఒక యుద్ధం ఎంచుకుని ఆ ఎపిసోడ్లే చూడండి.

పెద్దవాళ్లతో కలిసి చూడాలంటే సిరీస్ వద్దు, సినిమా పెట్టండి. వాళ్లకు వచ్చిన భాషలో డబ్బింగ్ ఉంటే అదే పెట్టండి, సబ్‌టైటిల్స్ వేగంగా మారిపోతుంటే చదవలేక ఐదు నిమిషాల్లో లేచిపోతారు, అది అనిమే మీద అయిష్టం కాదు, అక్షరాల సైజు గొడవ. గిబ్లీ స్టూడియో వాళ్ల మై నైబర్ టొటోరో 86 నిమిషాలే, విలన్ లేడు, అమ్మ ఆసుపత్రిలో ఉంటే కొత్త ఇంట్లో సర్దుకునే ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ, మూడు తరాలూ కూర్చోవచ్చు. అదే స్టూడియో నుంచి అదే రోజున, 1988 ఏప్రిల్ 16న, దానికి జోడీగా విడుదలైన ఇంకో సినిమా గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్. అది కూడా గొప్ప సినిమానే, కానీ గుండె పిండేసే విషాదం, పండగ పూట పొరపాటున కూడా పెట్టకండి, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

ఏదైనా సరే, మీరు ఒంటరిగా ఒకసారి చూసినదే అందరి ముందు పెట్టండి. పది ఎపిసోడ్లు పద్ధతిగా నడిచిన సిరీస్‌లో సరిగ్గా నాన్న వచ్చి పక్కన కూర్చున్నప్పుడే అరకొర బట్టల వేడినీళ్ల స్నానాల ఎపిసోడ్ వస్తుంది. ఇది ప్రకృతి నియమం.

పుస్తకాల గురించి చెప్పాల్సింది తక్కువ. ఒకటి తీసుకెళ్లండి, సన్నది, వీలైతే కథల పుస్తకం. ఫోన్‌లో చదివేవాళ్లకు ఒక మాట, మీరు ఎంత గొప్ప నవల చదువుతున్నా చూసేవాళ్లకు అది ఫోనే. కాగితం పుస్తకం పట్టుకున్న మనిషిని పలకరించడానికి ఒక దారి ఉంటుంది, అట్ట చూసి ఏం చదువుతున్నావని అడుగుతారు. మాంగా (జపాన్ బొమ్మల కథల పుస్తకం) అయితే పిల్లలు ఎడమ పక్క నుంచి తెరుస్తారు, అంటే కథ ముగింపు పేజీ ముందే చూసేస్తారు, ఇచ్చేటప్పుడే కుడి నుంచి ఎడమకు చదవాలని చెప్పి ఇవ్వండి. చదవడానికి రెండో పుస్తకం ఆ ఇంట్లోనే ఉంటుంది, పాత అలమరలో. చిన్నప్పుడు అర్థం కాక వదిలేసింది తీయండి. పేజీలు పసుపెక్కి, తియ్యటి వాసన వస్తుంటే అది కాగితంలోని లిగ్నిన్ ఏళ్ల మీద విరిగిపోవడం వల్ల, పుస్తకానికి వయసొచ్చిందన్నమాట. చిరిగిన చోట మామూలు సెల్లో టేపు అంటించకండి, కొన్నేళ్లకి ఆ జిగురే కాగితాన్ని గోధుమరంగు మరకలా తినేస్తుంది.

అన్నిటికన్నా బాగుండేది అటక మీది పెట్టె. ఒక్కరే ఎక్కి దించకండి, ఇంకెవర్నైనా పిలవండి, సగం సరదా "ఇది నాది, కాదు నాది" దగ్గరే ఉంది. పాత గేమ్ కన్సోల్ కనబడగానే ప్లగ్గులో పెట్టేయాలనిపిస్తుంది, ఆగండి. ముందు బ్యాటరీ మూత తీసి చూడండి. మామూలు సెల్స్ కారి తెల్లటి పొడి కట్టి ఉంటే గ్లవ్స్ వేసుకుని, దూదిపుల్లతో కొంచెం వెనిగర్ అద్ది తుడిచి బాగా ఆరనివ్వాలి. ఛార్జింగ్ బ్యాటరీ ఉబ్బి ఉంటే దాని జోలికి పోవద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్, ఏసీనా డీసీనా, ప్లస్ మైనస్ గుర్తు, అన్నీ కన్సోల్ మీద రాసినదానితో సరిపోవాలి. పిన్ను పట్టింది కదా అని పెట్టేస్తే అంతే సంగతులు.

క్యాట్రిడ్జ్‌లోకి, అంటే పాత కన్సోల్‌లో గుచ్చే గేమ్ డబ్బాలోకి, ఉఫ్ అని ఊదకండి. తెలుసు, చిన్నప్పుడు అలా ఊదితేనే ఆడేది. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. నోటి తడికి లోపలి లోహపు కాళ్లు మెల్లగా పాడైపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో ఆ కాళ్ల మీద రుద్దితే నల్లటి మడ్డి వస్తుంది, పుల్ల తెల్లగా వచ్చేదాకా రుద్ది, ఆరాక పెట్టండి. కొత్త టీవీలో పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులకు చోటు లేకపోతే చిన్న కన్వర్టర్ కావాలి, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ ఎగరదు. తుపాకీతో బాతుల్ని కాల్చే ఆట మాత్రం ఫ్లాట్ టీవీల మీద పనిచేయదు, అది పాత డబ్బా టీవీ తెర మీద కాంతి గీసే పద్ధతిని నమ్ముకున్న తుపాకీ.

ఒక విషయానికి ముందే సిద్ధపడండి. పాత క్యాట్రిడ్జ్‌లలో సేవ్‌ని బతికించేది బొత్తాం బ్యాటరీ, 15, 20 ఏళ్లకి అయిపోతుంది, దాంతో పాటే సేవ్ కూడా. లోపల గడియారం నడిచే పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో ఇంకా త్వరగా పోతుంది. నాది తెరిస్తే కంటిన్యూ అన్న మాటే లేదు, న్యూ గేమ్ ఒక్కటే ఉంది. కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. మొదటి ప్లేస్టేషన్ మెమరీ కార్డుకి బ్యాటరీ గొడవ లేదు, 128 కేబీ, 15 బ్లాకులు, చోటు చాలక ఎవరి సేవ్ తీసేయాలని ఇంట్లో యుద్ధాలు జరిగేవి, మా ఇంట్లో ఆ 15 అలాగే ఉన్నాయి, పేర్లతో సహా.

తిరిగి బయల్దేరేటప్పుడు ఆ పెట్టెలోంచి ఏదైనా తెచ్చుకోవాలంటే అడిగి తెచ్చుకోండి. మనం మర్చిపోయామని మిగతావాళ్లు మర్చిపోయారని కాదు. నేను కన్సోల్ తెచ్చుకుందామనుకున్నాను గానీ చివరి రాత్రి తమ్ముడు వచ్చాడు, ఆడదాం అన్నాను, రెండో కంట్రోలర్ వాడి చేతికిచ్చాను. కూర్చోలేదు. వైరు పట్టుకుని తడుముకుంటూ కన్సోల్ దాకా వెళ్లి, గుచ్చి ఉందో లేదో ఒకసారి లాగి చూసి, అప్పుడొచ్చి నా పక్కన కూర్చున్నాడు. మొదటి మూడు ఆటలూ వాడే గెలిచాడు.