మాల వేసుకునే ముందు: రోజూ తాగే మనిషి మందు ఆపి లివర్‌ను కాపాడుకోవడం ఎలా?

కార్తీకం దగ్గర పడుతోందంటే మన ఊళ్లలో ఒక మాట వినిపిస్తుంది. "ఈసారి మాల వేసుకుంటాను, మందు మానేస్తాను." ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు కూడా ఆ 41 రోజులు చుక్క ముట్టరు. ఇది చిన్న విషయం కాదు. తాగుడుతో దెబ్బతిన్న లివర్‌కు ఇంతకు మించిన మందు లేదు.

అయితే ఇందులో రెండు గండాలున్నాయి. ఒకటి మొదటి నాలుగు రోజులు, రెండోది మాల తీసే రోజు. మా మేనమామ మాల వేసుకున్న మర్నాడు సాయంత్రం భజనలో కూర్చుని ఉండగానే ఫిట్స్ వచ్చి పడిపోయారు. దీక్షలో ఏదో తప్పు జరిగిందన్నారు కొందరు, స్వామి పరీక్ష అన్నారు ఇంకొందరు. రెండూ కాదు. పదిహేనేళ్లు రోజూ మందుకు అలవాటుపడిన ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే జరిగేది అదే. ఆ సంగతి మాకు ముందే తెలిసి ఉంటే ఆయన్ని ఆ స్థితిలో చూసేవాళ్లం కాదు. అందుకే ఇది రాస్తున్నాను. మాల వేసుకోనివారికి, వేరే మతం వారికి కూడా ఇందులో ప్రతి మాటా వర్తిస్తుంది.

1. ఎంత తాగుతున్నారో గ్రాముల్లో లెక్క కట్టండి

"రెండు పెగ్గులేగా" అంటే లెక్క తేలదు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాములు. క్వార్టర్ సీసా మొత్తం తాగితే 60 గ్రాములు ఒంట్లోకి వెళ్లినట్టే. బీరు మంచిదనుకునేవాళ్లు ఇది గమనించాలి. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే అందులో 40 గ్రాములు ఉంటుంది. ఒక్క సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం.

రోజుకు 30 గ్రాములు దాటి ఏళ్ల తరబడి తాగితే లివర్ చెడే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆడవాళ్లకు అంతకంటే తక్కువకే చెడుతుంది. లావుగా ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. అసలు ఇంతవరకు తాగితే ఆరోగ్యానికి ఫర్వాలేదు అని చెప్పగలిగే కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఖరీదైన బ్రాండు, నీళ్లు ఎక్కువ కలపడం, పక్కన చికెన్ వేపుడు, ఇవేవీ ఆ గ్రాములను తగ్గించవు.

కల్లు తాగేవాళ్లది వేరే కథ. చెట్టు నుంచి దించిన కల్లు పులిసేకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది. తెలంగాణలో కొన్ని దుకాణాల కల్లులో ఆల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి పట్టుబడ్డాయి. అలాంటి కల్లు తాగినవాళ్లు ఆపినప్పుడు ఇబ్బంది మరీ ఎక్కువ. దాన్ని డాక్టర్‌కు దాచకూడదు.

2. నొప్పి లేదంటే బాగుందని కాదు

లివర్ కుడివైపు పక్కటెముకల కింద ఉండే కిలోన్నర అవయవం. మనం తాగిన ఆల్కహాల్‌లో చాలా భాగాన్ని విరిచేది అదే. ఆ పనిలో ముందు అసిటాల్డిహైడ్ అనే విషం తయారవుతుంది. రోజూ ఆ విషం తగులుతుంటే లివర్ కణాల్లో మొదట కొవ్వు చేరుతుంది, తర్వాత వాపు వస్తుంది, ఆ వాపు మానే క్రమంలో గాయం మచ్చల్లాంటి గట్టి కండ పేరుకుపోతుంది. చివరికి లివర్ అంతా గడ్డలు కట్టి బిగుసుకుపోవడమే సిర్రోసిస్.

లివర్ లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. సగానికి పైగా దెబ్బతిన్నా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. నాకు దీంట్లో అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. ఊరట ఏమిటంటే, కొవ్వు దశలో ఉండగా పూర్తిగా ఆపేస్తే చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ కొవ్వు కరిగిపోతుంది. లెక్క చూసుకోండి, దాదాపు ఒక మండల దీక్ష. సిర్రోసిస్ వచ్చాక మచ్చలు చాలావరకు మిగిలిపోతాయి. అప్పుడు కూడా ఆపితే ఆయుష్షు పెరుగుతుంది, ఆపకపోతే తగ్గుతుంది.

3. మాలకు రెండు మూడు వారాల ముందే రక్తపరీక్షలు చేయించండి

లివర్ ఫంక్షన్ టెస్ట్, కంప్లీట్ బ్లడ్ పిక్చర్, రక్తం గడ్డకట్టే సమయం చూసే ప్రోథ్రాంబిన్ టైమ్ (రిపోర్టులో ఐఎన్‌ఆర్ అని ఉంటుంది), షుగర్, హెపటైటిస్ బి, సి పరీక్షలు, పొట్ట అల్ట్రాసౌండ్. ఇవి చాలు. డాక్టర్ అవసరం అనుకుంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రాస్తారు.

రిపోర్టులో కొన్ని మీరే గమనించవచ్చు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, జీజీటీ అనేవి లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు. ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ రెట్టింపు ఉంటే తాగుడు వల్ల వచ్చిన వాపు అని అనుమానించాలి. జీజీటీ ఎక్కువగా ఉండటం కూడా అలాంటి సూచనే. లివర్ తయారుచేసే అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గడం, ఐఎన్‌ఆర్ పెరగడం అంటే లివర్ తన పని సరిగ్గా చేయలేకపోతోందని అర్థం. ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తక్కువ ఉంటే డాక్టర్‌ను ప్రత్యేకంగా అడగండి. లివర్ బిగుసుకుపోయి ప్లీహం పెరిగినా అలా తగ్గుతాయి.

ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చింది కదా అని పండగ చేసుకోవద్దు. సిర్రోసిస్ ఉన్నవారిలో కూడా అది మామూలుగా ఉండొచ్చు.

4. ఒక్కసారిగా ఆపొచ్చో లేదో తేల్చుకోండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్‌ను కలవకుండా ఇంట్లో ఒంటరిగా ఆపకూడదు: పొద్దున లేవగానే చేతులు వణికి, చుక్క పడితే గానీ తగ్గకపోవడం, గతంలో ఆపినప్పుడు ఫిట్స్ రావడం లేదా లేనివి కనిపించడం, రోజూ క్వార్టర్‌కు పైగా ఏళ్ల తరబడి తాగడం, కామెర్లు, గుండెజబ్బు. ఇలాంటివారు డాక్టర్‌ను కలిసేదాకా మందును టక్కున ఆపేయడం కంటే, అదే రోజో మర్నాడో డాక్టర్ దగ్గరికి వెళ్లడం మేలు.

ఏం జరుగుతుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. చివరి చుక్క తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా వచ్చేది 12 నుంచి 48 గంటల మధ్య. రెండో రోజు దాటాక కొందరికి మతి చెదిరినట్టవుతుంది. గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టరు, ఒళ్లు కాలిపోతుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లి విలువైన గంటలు పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. దయచేసి 108కి ఫోన్ చేయండి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డ తొలి రోజుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం అంతగా వచ్చింది ఇందువల్లే.

డాక్టర్ ఇచ్చే మాత్రలతో ఈ నాలుగైదు రోజులు చాలావరకు తేలికగా గడిచిపోతాయి. మోతాదు రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ చెడినవారికి వీటిలో కొన్ని పడవు కాబట్టి రిపోర్టులు తప్పక చూపించాలి. పక్కింటాయన పాత చీటీతో కొనకూడదు. దాంతోపాటు విటమిన్ బి1, అంటే థయామిన్, ఇస్తారు. నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ ఎక్కించుకోవడం మనకు అలవాటు. రోజూ తాగే మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. "బి1 ఇంజెక్షన్ ముందు ఇచ్చారా?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

గురుస్వామికి కూడా విషయం చెప్పండి. మాత్ర వేసుకుంటే దీక్ష చెడదు. మొదటి నాలుగు రాత్రులు స్వామిని ఒంటరిగా పడుకోనివ్వకండి, బండి నడపనివ్వకండి, తెల్లవారుజామున చెరువులోకో బావిలోకో స్నానానికి ఒక్కరినే పంపకండి. నీళ్లలో ఫిట్స్ వస్తే కాపాడటం కష్టం.

5. ఆ 41 రోజులు ఏం తినాలి

ఏళ్ల తరబడి తాగినవారి కండలు కరిగిపోయి ఉంటాయి. లివర్ కోలుకోవాలంటే ప్రోటీన్ కావాలి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 70 నుంచి 90 గ్రాములు. శాకాహారంతో వస్తుందా అంటే వస్తుంది గానీ అన్నం, చారుతో రాదు. గట్టి పప్పు, పెరుగు, పాలు, ఉడికించిన శనగలు, పల్లీలు, పనీర్, మీల్‌మేకర్ రోజూ ఉండాలి.

చెడిన లివర్ చక్కెరను నిల్వ చేసుకోలేదు. రాత్రి ఏమీ తినకుండా పడుకుంటే తెల్లారేసరికి ఒళ్లు సొంత కండను కరిగించుకుంటుంది. అందుకే ఒంటిపూట భోజనం ఇలాంటివారికి మంచిది కాదు. మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, రెండు ఇడ్లీలో అరటిపండో పెట్టండి. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉంటే ఆవకాయ, అప్పడాలు, ప్రసాదం పులిహోరలో పడే ఉప్పు కూడా లెక్కలోకి తీసుకోవాలి. చక్కెర తక్కువ వేసిన కాఫీ లివర్‌కు మేలే చేస్తుంది, తాగొచ్చు.

6. చేయకూడనివి

పచ్చకామెర్లకు పసరు మందు అనగానే మనకు నమ్మకం కుదురుతుంది, ఎందుకంటే తగ్గినవాళ్లను చూశాం. వాళ్లలో చాలామందికి వచ్చింది కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ లేదా ఇ. అది పసరు తాగినా తాగకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే తగ్గేదే. తాగుడు వల్ల వచ్చిన కామెర్లు అలా తగ్గవు. పసరు కోసం తిరిగే ఆ రెండు వారాల్లో మనిషి చేయి దాటిపోతాడు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం అతిగా వాడి లివర్ దెబ్బతిన్న కేసులను మన దేశ డాక్టర్లే నమోదు చేశారు.

ఇంకొకటి. భర్తకు తెలియకుండా అన్నంలో, కాఫీలో కలిపితే మందు మానేస్తాడంటూ అమ్మే పొడులు. వీటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రోగికి చెప్పి ఇచ్చే మాత్ర అది. దాన్ని తిన్న మనిషి తెలియక మందు తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, లివర్‌నూ అది దెబ్బతీస్తుంది. ఇలా కలిపే అక్కల, అమ్మల బాధ నాకు తెలుసు. ఎంత విసిగిపోతే అక్కడిదాకా వస్తారో ఆ ఇంట్లో ఉన్నవారికే అర్థమవుతుంది. అయినా వద్దు.

జ్వరానికి పారాసెటమాల్ రోజుకు 2 గ్రాములు, అంటే 500 ఎంజీ మాత్రలు నాలుగు దాటకూడదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రక్తస్రావానికి, కిడ్నీ దెబ్బతినడానికి దారితీస్తాయి.

7. ఇవి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి

కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, రక్తం వాంతి, తారులా నల్లటి విరేచనం, పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబడటం, చిన్న లెక్క కూడా తప్పడం. తాగకపోయినా తాగినట్టు ప్రవర్తిస్తుంటే అది లివర్ వడకట్టలేని విషాలు మెదడుకు ఎక్కడం కావచ్చు. "మళ్లీ తాగి వచ్చాడు" అని కోప్పడి పడుకోబెట్టేయకండి.

8. మాల తీసే రోజుకు ముందే ఏర్పాటు చేసుకోండి

దీక్షలో స్వామీ అని చేతులు జోడించిన స్నేహితులే, మాల తీసిన సాయంత్రం సీసాతో వస్తారు. చెడ్డవాళ్లని కాదు, అలవాటు. పైగా 41 రోజులు ఆపిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు. అందుకే శబరిమల బయల్దేరక ముందే మూడు పనులు చేయండి. తిరిగొచ్చాక మళ్లీ రక్తపరీక్షకు తేదీ రాయించుకోండి. తాగాలనే కోరికను తగ్గించే మందుల గురించి సైకియాట్రిస్ట్‌ను అడగండి. లివర్ చెడినవారికి ఏది పడుతుందో ఆయన చూసి రాస్తారు. ఫోన్‌లో రెండు నంబర్లు వేసుకోండి: 14416, ఇది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 14446 జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్. తాగుడు మానినవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్తే, మాల తీశాక కూడా చుట్టూ తాగని మనుషులు ఉంటారు. దీక్షలో దొరికే బలం కూడా సగం ఆ తోడే కదా.

హెపటైటిస్ బి లేదని తేలితే టీకా మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు వేయించండి.

మామయ్యకు గండం ఎప్పుడూ సాయంత్రం ఏడు గంటలకే. మాల తీసిన రోజు నుంచి నెలపాటు ఏడయ్యేసరికి అత్తయ్య టిఫిన్ పెట్టేసేది. ఆకలి మీద ఉంటే మందు మీదికి మనసు పోతుందని డాక్టర్ చెప్పారు. తిన్నాక నేను ఆయనతో చెరువు కట్ట దాకా నడిచి, వైన్ షాపు లేని దారిలో తిరిగి తీసుకొచ్చేవాణ్ని. తొమ్మిదికి ఇంటికి చేరేవాళ్లం. దుకాణం ఇంకా తెరిచే ఉండేది గానీ, అప్పటికి ఆయనకు నిద్ర వచ్చేసేది.