టబ్‌లో పురుగుల్ని తినే నీటిమొక్క పెంచడం

దీని పేరు యుట్రిక్యులేరియా, మన చెరువుల్లో వరిచేల కాలవల్లో పసుపు పూలతో తేలే రకం యుట్రిక్యులేరియా ఆరియా. వేర్లుండవు, నాటే పనే లేదు, నీళ్లలో వదిలేయడమే.

దారాల్లాంటి ఆకుల మధ్య ఆవగింజంత తిత్తులుంటాయి చూడండి, అవే నోళ్లు. లోపలి నీళ్లు బయటికి తోడేసి తిత్తి బిగుసుకుని ఉంటుంది, మూత దగ్గర వెంట్రుకలకి నీటిపురుగు తగిలిందా, మిల్లీసెకను లోపే తలుపు తెరుచుకుని నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది, మన కంటికి కనపడను కూడా కనపడదు.

అసలు విషయం నీళ్లు. గుంటూరు బోరు నీళ్లు మాత్రం వద్దండి, ఉప్పు ఎక్కువ. వాన నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ పోసి రెండు ఎండు బాదం ఆకులు వేస్తే నీళ్లు లేత టీ రంగుకొస్తాయి, దీనికి అదే ఇష్టం. ఎరువు అస్సలు వేయొద్దు, వేస్తే నాచు పట్టి మొక్కని చుట్టేస్తుంది. చెరువు నుంచి తెస్తే ముందు బాగా కడగండి.

తిండికి డాఫ్నియా అనే చిన్న నీటిపురుగులు చాలు, చిన్న దోమపిల్లలు కూడా తింటుంది, కానీ అన్నీ ఇదే తినేస్తుందని టబ్ వదిలేయకండి, వల కప్పండి. బెజవాడ ఎండలకి మే నెలలో గ్రీన్ నెట్ తప్పదు, పొద్దున ఎండ మాత్రం తగలాలి.