తొలి నెలల గర్భస్రావం, 3వ పాఠం: గుండె చప్పుడు లేదన్నాక

కిందటి పాఠంలో నెల తప్పాక ఎర్రమచ్చ కనిపిస్తే ఏమేం అడగాలో చూశాం. ఈసారి స్కాన్ కాగితం చదువుదాం. ఆశా, ఏఎన్ఎం అక్కచెల్లెళ్లకు రోజూ పనికొచ్చే పాఠమిది.

కాగితంలో రెండు అంకెలు వెతకండి. సీఆర్ఎల్ అంటే పిండం పొడవు. ఎంఎస్‌డీ అంటే పిండం పెరిగే తిత్తి సగటు కొలత. యోని ద్వారా చేసిన స్కాన్‌లో పిండం 7 మి.మీ., ఆపైన ఉండీ గుండె కొట్టుకోకపోయినా, తిత్తి 25 మి.మీ., ఆపైన ఉండీ లోపల పిండమే లేకపోయినా గర్భం నిలవనట్టే. మరి సీఆర్ఎల్ 5 అని ఉంటే? అప్పుడే తేల్చకూడదు. కనీసం వారం ఆగి మళ్లీ స్కాన్ తీయించాలి. అండం ఆలస్యంగా విడుదలైతే పిండం చిన్నదిగానే కనిపిస్తుంది. తొందరపడి కడిగిస్తే బతికున్న గర్భమే పోవచ్చు.

తేలాక దారులు మూడు. దానంతటదే పడిపోయేదాకా ఆగడం మొదటిది. ఎనిమిది వారాల దాకా ఆగగలిగితే దాదాపు 80 శాతం మందికి పూర్తవుతుంది. రెండోది మందులు: మిఫెప్రిస్టోన్ 200 మి.గ్రా., 24 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు. డాక్టరు రాయాలి. గర్భం ట్యూబులో లేదని స్కాన్‌లో తేలకుండా మెడికల్ షాపులో కొని వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మూడోది సిరంజితో పీల్చే ఎంవీఏ. గీకే డీ అండ్ సీ కన్నా ఇదే మేలు.

ఇంటికి పంపేముందు ప్యాడ్ లెక్క నేర్పండి. మచ్చపడ్డ ప్యాడ్ లెక్కలోకి రాదు. ఈ చివర నుంచి ఆ చివరకు తడిసినదే లెక్క. గంటకు రెండు చొప్పున వరుసగా రెండు గంటలు నిండితే 108కి ఫోన్ చేయాలి. కళ్లు తిరిగినా, జ్వరమొచ్చినా, ఒకపక్క పొత్తికడుపులో పోటు పెట్టినా ఆగొద్దు. బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే, తర్వాతి గర్భంలో బిడ్డకు హాని రాకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి 72 గంటల్లోపే డాక్టరును అడగాలి.

"బొప్పాయి తిన్నావా, బిందె ఎత్తావా" అని అత్తగారు అడుగుతారు. ఆమె ముందే చెప్పండి: తొలి నెలల్లో పోయినవాటిలో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే. వయసు 35 దాటడం, అదుపులో లేని షుగరు, థైరాయిడ్, పొగతాగడం ముప్పు పెంచుతాయి. బిందె కాదు.

రెండుసార్లు, ఆపైన పోయినవాళ్లకు చేయించాల్సిన పరీక్షలు వచ్చే పాఠంలో.