కదలిక తగ్గిన పెద్దవారికి బాత్రూమ్‌ను అనువుగా మార్చడం

పక్షవాతం వచ్చినవారు, తుంటి ఆపరేషన్ అయినవారు, మోకాళ్లు పట్టేసినవారు ఇంట్లో ఉన్నప్పుడు చాలామంది మొదట చేసేది మేస్త్రీని పిలిచి పాత టైల్స్ తీయించి కొత్తవి వేయించడం. నా అభిప్రాయంలో అది చివరిగా ఆలోచించవలసిన ఖర్చు. కూర్చోవడం, లేవడం, వంగడం, పక్కకు తిరగడం, గడప దాటడం వంటి పనుల్లో ఒంటి బరువు ఒక చోటి నుంచి మరో చోటికి మారే క్షణాలే ప్రమాదకరమైనవి కాబట్టి, ముందుగా ఆ క్షణాల్లో వారి చేతికి ఆధారం దొరికేలా చూడాలి.

అందుకు చేయవలసిన మొదటి పని ఖర్చు లేనిది. పగటిపూట, నేల పూర్తిగా ఆరి ఉన్నప్పుడు, పెద్దవారిని బట్టలతోనే బాత్రూమ్‌లోకి తీసుకువెళ్లి, రోజూ ఎలా వెళ్తారో, ఎలా కూర్చుంటారో, ఎలా లేస్తారో అలాగే చేసి చూపించమని అడగండి. వారి చేయి తువ్వాలు కడ్డీ మీదికో, కుళాయి మీదికో, వాష్‌బేసిన్ అంచుకో వెళ్తుంది. ఇవేవీ మనిషి బరువును మోయడానికి బిగించినవి కావు. చేయి వెళ్లిన ప్రతి చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి; చేతి కడ్డీలు కావలసింది అక్కడే.

కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుదై, పిడికిలి పూర్తిగా మూసుకునేలా 32 నుంచి 38 మిల్లీమీటర్ల మందంలో ఉండాలి. గోడకూ కడ్డీకీ మధ్య నాలుగు సెంటీమీటర్ల ఖాళీ చాలు. ఇంకా ఎక్కువ వదిలితే పట్టు తప్పినప్పుడు ముంజేయి ఆ సందులోకి దిగిపోతుంది. కమోడ్ పక్కన అడ్డంగా ఒకటి, స్నానం చేసే చోట నిలువుగా ఒకటి బిగిస్తే చాలామందికి సరిపోతుంది. పక్షవాతం వచ్చినవారికి మాత్రం బలం ఉన్న చేతి వైపే కడ్డీ ఉండాలి. ఇటుక గోడకు మంచి యాంకర్ బోల్టులు చాలు గానీ, ఈమధ్య అపార్టుమెంట్లలో వాడుతున్న తేలికపాటి బ్లాకుల గోడల్లో మామూలు ప్లగ్గులు వదులైపోతాయి. వాటికి తగిన కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి బోల్టును బిగించే పద్ధతి) వేయమని ప్లంబర్‌కు ముందే చెప్పాలి. డ్రిల్లింగ్‌కు ముందు గోడలోపలి పైపులు, తీగలు ఎటు వెళ్తున్నాయో కనుక్కోవాలి. బిగించాక ఇంట్లో బరువైన మనిషి వేలాడినట్టు లాగి చూసిన తరువాతే పెద్దవారిని పట్టుకోనివ్వాలి. గోడకు అంటించే రబ్బరు కప్పుల కడ్డీలను నమ్మవద్దు.

స్నానం విషయంలో మన అలవాటునే కొంత మార్చుకోవలసి ఉంటుంది. పీట మీద కూర్చుని నేల మీది బకెట్‌లో మగ్గు ముంచాలంటే ప్రతిసారీ నడుము వంచాలి, చివర్లో అంత కిందనుంచి పైకి లేవాలి. దీనికి బదులు వీపు ఆనించుకునే వీలు, రెండు చేతులు, కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్న స్నానపు కుర్చీ తెచ్చి, బకెట్‌ను గట్టి స్టూలు మీద మోచేతి ఎత్తులో పెట్టండి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు తడి నేల మీద విచ్చుకుపోతాయి, అది పనికిరాదు. సబ్బు జారిపడితే వంగే పని లేకుండా చిన్న వల సంచిలో వేసి కుర్చీ చేతికి కట్టవచ్చు. తలంటు రోజున మరింత జాగ్రత్త అవసరం. నూనె బయటే రాసి, అరికాళ్లు పొడిగుడ్డతో తుడిచి లోపలికి తీసుకువెళ్లాలి. కుంకుడురసం, నలుగుపిండి పడిన నేలను వారు లేవకముందే కడిగేయాలి. వేడినీళ్ల స్నానం తరువాత రక్తపోటు తగ్గి కళ్లు తిరగవచ్చు కనుక, ముఖ్యంగా బీపీ మాత్రలు వేసుకునేవారిని, కాసేపు కూర్చోబెట్టి ఒళ్లు తుడిచి ఆ తరువాత నెమ్మదిగా లేపండి.

బకెట్‌లో ముందు చన్నీళ్లు, తరువాత వేడినీళ్లు పోయాలి. చక్కెరవ్యాధి ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి నీటి వేడిని మరొకరు చూడాలి. నీళ్లు కాచే హీటర్ రాడ్‌ను బాత్రూమ్‌లో అసలు ఉంచకూడదు. గీజర్ ఉన్న లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే పైకి ఉండకూడదు. సగటు ఎత్తు ఉన్నవారికి సీటు 43 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే లేవడం తేలిక. తక్కువైతే పైన బిగించే ఎత్తు సీటు దొరుకుతుంది. ఊరికే పెట్టేది కాక మరలతో బిగించేదే కొనండి. నేల మరుగుదొడ్డి మాత్రమే ఉన్న ఇళ్లలో దాన్ని పగలగొట్టకుండానే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీని దాని మీద నిలిపి వాడవచ్చు.

తలుపు లోపలికి తెరుచుకునేది అయితే, పడిపోయిన మనిషే దానికి అడ్డమై ఎవరూ లోపలికి వెళ్లలేరు. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్పించి, బయటి నుంచి కూడా తీయగల గడియ పెట్టించండి. గడప తీయించడం కుదరకపోతే రెండు వైపులా వాలు కట్టించి, దాని అంచుకు ముదురు రంగు వేయండి. చూపు మందగించిన కళ్లకు తెల్ల టైల్స్ మీద తెల్ల గడప, తెల్ల కమోడ్ విడిగా కనిపించవు. రాత్రంతా మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైట్లు వెలగాలి.

ఇవన్నీ అయ్యాక నేల సంగతి. నీరు నిలుస్తుంటే తూము వైపు వాలు సరిచేయించి, పాచి పట్టకుండా వారానికోసారి రుద్దించి, అప్పటికీ జారుతుంటే గరుకు టైల్స్ వేయించవచ్చు. అంచులు లేచే పట్టాలు, పాతగుడ్డలు నేల మీద వేయకండి.

ఎవరైనా పడితే వెంటనే చంకల కింద చేతులు వేసి ఎత్తకండి. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా బయటికి తిరిగినట్టు కనిపించినా కదిలించకుండా, దుప్పటి కప్పి 108కు ఫోన్ చేయండి.