ఒకే టీము ఏళ్ల తరబడి ఎందుకు గెలుస్తోందో తేల్చుకోవడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు రీబోరు చేసే షెడ్డు మాది. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఫార్ములా వన్ రేసు పెడితే పక్క షెడ్ల వాళ్లూ వచ్చి కూర్చుంటారు. సగం ల్యాపులు కాకముందే ఎవరో ఒకరు తీర్పు ఇచ్చేస్తారు: "డ్రైవరు గొప్పవాడు, అంతే." మా మేనల్లుడిది ఇంకో పాట: "డబ్బున్న టీమే గెలుస్తుంది మావయ్యా." ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతే రేసు చూడటంలో సగం రుచి పోతుంది. అసలు కారణం ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. పాత సీజన్ల పాయింట్ల పట్టికలు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు డబ్బు సంగతి వదిలించుకుందాం. టయోటా 2002 నుంచి 2009 వరకు ఫార్ములా వన్‌లో ఉంది. ఖర్చుకు వెనకాడే కంపెనీ కాదు. ఎనిమిదేళ్లలో ఒక్క రేసూ గెలవలేదు. విచిత్రం ఏమిటంటే, అది జర్మనీలోని కొలోన్‌లో కట్టుకున్న విండ్ టనెల్‌ను (కారు మీద గాలి ఎలా పారుతుందో పరీక్షించే సొరంగం) తర్వాత మెక్‌లారెన్ టీము ఏళ్ల పాటు అద్దెకు వాడుకుంది. డబ్బు లేనిదే నిలవలేరు, నిజమే. కానీ డబ్బు ఉన్న వాళ్లలో ఎవరు గెలుస్తారన్నది వేరే లెక్క.

ఆ లెక్క మొదలుపెట్టాల్సింది నిబంధనలు మారిన ఏడాది దగ్గర. ఒక టీము గెలుపుల వరుస మీ ముందు ఉందనుకోండి, అది ఎప్పుడు మొదలైందో చూసి, ఆ ఏడు ఏ నిబంధన మారిందో వెతకండి. మెర్సిడెస్ 2014 నుంచి 2021 వరకు వరుసగా ఎనిమిది టీము టైటిళ్లు గెలిచింది. 2014లోనే పాత వి8 ఇంజన్లు పోయి 1.6 లీటర్ల వి6 టర్బో హైబ్రిడ్లు (ఇంజన్‌కు తోడు కరెంటు మోటారు ఉన్నవి) వచ్చాయి. 2022లో కారు అడుగు భాగంతో నేలను పట్టుకునే పద్ధతి మళ్లీ వచ్చింది. ఆ మరుసటి ఏడు రెడ్‌బుల్ 22 రేసుల్లో 21 గెలిచింది. సింగపూర్ ఒక్కటే ఫెరారీకి పోయింది.

2014 సంగతి మా వృత్తికి దగ్గరది కనుక కాస్త ఆగుతాను. మా దగ్గరికి వచ్చే లారీ టర్బో విప్పితే ఒక చివర పోత ఇనుము గుల్ల, ఇంకో చివర అల్యూమినియం గుల్ల, మధ్యలో చిన్న షాఫ్టు, దానికి ఆయిలు. ఇంజన్ వదిలే మండే పొగ ఇనుము వైపు చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. రెండు గుల్లలూ పక్కపక్కనే ఉంటాయి కనుక పొగ వేడి గాలి వైపు కూడా పాకుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ పెద్దది పెట్టాలి. మెర్సిడెస్ వాళ్లు ఆ రెండింటినీ విడదీశారు. కంప్రెసర్‌ను ఇంజన్ ముందుకు, టర్బైన్‌ను వెనక్కు పంపి, సిలిండర్ల మధ్య సందులోంచి పొడుగు షాఫ్టు నడిపారు. కరెంటు పుట్టించే మోటారు కూడా ఆ షాఫ్టు మీదే. టర్బో నిమిషానికి 1,25,000 చుట్ల వరకు తిరగవచ్చని అప్పటి నిబంధన. లేత్ మీద పొడుగు షాఫ్టు పట్టి చూసిన వాళ్లకు ఇది ఎంత సాహసమో తెలుస్తుంది. వెంట్రుకంత వంకర ఉన్నా డయల్ గేజి ముల్లు ఊగిపోతుంది. వాళ్లది అంత వేగంలో వణకకుండా తిరగాలి మరి.

సరే, ఇంత తెలివైన పనిని మిగతావాళ్లు మరుసటి నెలే ఎందుకు దించలేదు? ఇక్కడే చాలామంది చూడని విషయం ఉంది. సీజన్ మొదట్లో ఇంజన్‌కు అధికారుల ఆమోద ముద్ర పడ్డాక ఇష్టం వచ్చినట్లు మార్చకూడదు. 2015 నుంచి ఏడాదికి ఇన్ని మార్పులే అని టోకెన్ల లెక్క పెట్టారు. 2017 దాకా ఆ లెక్క ఎత్తేయలేదు. అంటే ముందున్నవాడి వెనుక నిబంధనే గేటు వేసింది. కాబట్టి ఏ కొత్త నిబంధన వచ్చినా రెండు ప్రశ్నలు వేయండి: ముందుగా పని మొదలుపెట్టింది ఎవరు, వెనకబడ్డవాళ్లు సరిదిద్దుకోవడానికి దారి ఉందా?

ముందుగా మొదలుపెట్టడం ఎంత పనిచేస్తుందో 2009 చూపిస్తుంది. హోండా 2008 కారును దాదాపు వదిలేసి, మరుసటి ఏడాది నిబంధనలకు తగ్గ కారు మీద కూర్చుంది. తీరా ఏడాది చివర కంపెనీయే తప్పుకుంది. టీము పెద్ద రాస్ బ్రాన్ దాన్ని తీసుకుని మెర్సిడెస్ ఇంజన్ పెట్టుకుంటే, డ్రైవర్ జెన్సన్ బటన్ మొదటి ఏడు రేసుల్లో ఆరు గెలిచాడు. చేతిలో డబ్బు లేక ఆ తర్వాత జోరు తగ్గింది కానీ, అప్పటికే మిగిల్చుకున్న పాయింట్లు టైటిల్‌కు సరిపోయాయి. ఆ టీమునే మెర్సిడెస్ కొనుక్కుంది.

తర్వాతి పరీక్ష ఇంజన్‌దా, బాడీదా అని. ఒకే ఇంజన్ వాడే టీములన్నిటినీ పక్కపక్కన రాసుకోండి. విలియమ్స్ 2013లో రెనో ఇంజన్‌తో తొమ్మిదో స్థానంలో ఉంది. 2014లో మెర్సిడెస్ ఇంజన్ వేసుకుని మూడో స్థానానికి వచ్చింది. రెనో ఇంజన్‌తోనే ఉండిపోయిన రెడ్‌బుల్ మాత్రం రెండో స్థానంలో నిలిచింది. మెర్సిడెస్ ఓడిన మూడు రేసులూ రెడ్‌బుల్ డ్రైవర్ రికార్డోవే. అంటే ఇంజన్ బలం మెర్సిడెస్‌ది, బాడీ పనితనం రెడ్‌బుల్‌ది. పదేళ్ల తర్వాత తారుమారైంది చూడండి. 2024, 2025 టీము టైటిళ్లు మెక్‌లారెన్‌వి. దాని ఇంజన్ మెర్సిడెస్‌దే. ఇంజన్ చేసిన ఇంటివాళ్లే వెనకబడ్డారు.

డ్రైవరు ప్రశ్నకు జవాబు ఇంకా తేలిక. అదే కారు నడిపే రెండో మనిషిని చూడాలి. 2023లో రెడ్‌బుల్ డ్రైవర్లలో వెర్‌స్టాపెన్ 19 రేసులు గెలిస్తే పెరెజ్ రెండు గెలిచాడు. 575 పాయింట్లు ఒకడివి, 285 ఇంకొకడివి. వెర్‌స్టాపెన్ ఒక్కడి పాయింట్లతోనే రెడ్‌బుల్‌కు టీము టైటిల్ వచ్చేది. అయినా పెరెజ్ మొత్తం మీద రెండో స్థానంలో నిలిచాడు కనుక కారు గొప్పదే. డ్రైవరు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. 2016లో మెర్సిడెస్ డ్రైవర్లు రోజ్‌బర్గ్, హామిల్టన్ టైటిల్ కోసం చివరి రేసు దాకా కొట్టుకున్నారు. ఆ ఏడు బలం కారుదని వేరే చెప్పాలా?

ఇక మనుషులు. ఇది పట్టికల్లో దొరకదు, వార్తలు తిరగేయాలి. జాన్ టోడ్ ఫెరారీకి టీము పెద్దగా వచ్చింది 1993లో. డ్రైవర్ షూమాకర్ 1996లో చేరాడు, ఆ వెంట రాస్ బ్రాన్, డిజైనర్ రోరీ బర్న్ వచ్చారు. డ్రైవర్ టైటిల్ వచ్చింది 2000లో. 1979 తర్వాత అదే మొదటిది. ఏడేళ్లు ఓపిక పట్టి మేస్త్రిని మార్చకుండా ఉంచిన యజమానులు నాకు ఆటోనగర్‌లో కూడా పెద్దగా తగల్లేదు. ఆ కాలంలో ట్రాక్ పరీక్షలకు ఇప్పటంత కట్టడి లేదు. ఫెరారీకి ఫియోరానోలో సొంత ట్రాక్ ఉంది. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు ఆ కారును చూసుకునే తయారయ్యేవి. ఆ సౌకర్యమే 2005లో మెడకు చుట్టుకుంది. రేసంతా ఒకే జత టైర్లతో నడపాలని నిబంధన పెట్టేసరికి ఆ ఏడు ఫెరారీ గెలిచింది ఒక్క రేసు. అదీ ఇండియానాపోలిస్‌లో, ఆరు కార్లే పరుగెత్తిన రోజున.

ఆధిపత్యం సడలే సూచనలు కూడా కనిపెట్టవచ్చు. 2022 నుంచి ప్రతి రేసు ముందు టీములు కారులో ఏం మార్చాయో ప్రకటించాలి. కొత్త అడుగు భాగం బిగించిన టీము రెండు రేసుల తర్వాత పాతదే మళ్లీ వేసుకుందంటే, విండ్ టనెల్ చెప్పింది ట్రాక్ మీద కుదరలేదన్నమాట. ఇలాంటి కుదరకపోవడమే 2022లో మెర్సిడెస్‌ను పడేసింది. అదే డబ్బు, దాదాపు అదే జట్టు, గెలుపు మాత్రం బ్రెజిల్ ఒక్కటే. ఇప్పుడు గెలిచిన వాళ్లకు విండ్ టనెల్ సమయం కూడా కోస్తున్నారు. మామూలుగా పెట్టిన సమయంలో ఛాంపియన్‌కు 70 శాతం, పదో స్థానానికి 115 శాతం. 2021 నుంచి ఖర్చుకు హద్దు పెట్టారు, మొదటి ఏడు 14.5 కోట్ల డాలర్లు. దాన్ని దాటిన రెడ్‌బుల్‌కు 70 లక్షల డాలర్ల జరిమానా పడింది, పైగా పరీక్షల సమయంలో 10 శాతం కోత. నా మటుకు జరిమానా కంటే ఆ కోతే పెద్ద దెబ్బ. కోత వెంటనే కనిపించదు కనుక ఏడాది, రెండేళ్ల తర్వాతి కార్లను చూడాలి.

మీరే చేసి చూడాలంటే 2026 సరైన ఏడు. ఇంజన్, బాడీ నిబంధనలు రెండూ ఒకేసారి మారాయి. మెర్సిడెస్ ఇంజన్ నాలుగు టీములకు ఉంది: మెర్సిడెస్, మెక్‌లారెన్, విలియమ్స్, ఆల్పైన్. ఒక కాగితం మీద ఈ నాలుగింటి క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చే ముందు పరుగు) సమయాలు వరుసగా రాయండి. 2025లో మొదటి స్థానంలోనే ఉన్న మెక్‌లారెన్ పోగా మిగతా మూడూ తమ 2025 స్థానాల కంటే పైకి జరిగితే ఇంజన్ అనుకోండి. ఒక్కటే జరిగితే, దాని బాడీ గీసినవాళ్లు ఎప్పటి నుంచి అక్కడ పనిచేస్తున్నారో వెతకండి.