కలత నిద్ర – 4వ పాఠం: పీడకలను తిరగరాయడం

రాత్రి ఎన్నిసార్లు ఉలిక్కిపడి లేచినా, తెల్లారాక ఒకే టైమ్‌కి మంచం దిగమని గత పాఠంలో చెప్పాను. అది ఇంకా కుదరని వాళ్లు అక్కడే మరో వారం ఉండండి, తొందరేం లేదు. కుదిరినవాళ్లు నిద్ర డైరీ తీసి, ‘పీడకల’ అన్న గడిలో ఎన్ని టిక్కులు పడ్డాయో చూడండి. వారంలో రెండు మూడు ఉంటే ఈ పాఠం మీకే.

డాక్టర్ దగ్గర చాలామంది ‘నిద్ర పట్టట్లేదు’ అంటారు. కాస్త కదిపితే అసలు మాట బయటికొస్తుంది: ‘పడుకోవాలంటే భయమేస్తోంది’. కళ్లు మూస్తే ఆ కల వస్తుందని రెండింటిదాకా ఫోన్ చూస్తూ కూర్చుంటారు. పీటీఎస్‌డీలో, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుకు మిగిలిపోయే గాయంలో, కల తరచూ అరిగిన రికార్డులా తిరుగుతుంది. అదే దారి, అదే చోట మెలకువ. మనసు దానికి అలవాటు పడిపోయింది. అలవాటైనదాన్ని మెలకువలో ఉండగానే వేరేలా సాధన చేయించడమే ఈ పద్ధతి. పేరు ఇమేజరీ రిహార్సల్ థెరపీ.

ఒక మనిషిని ఊహించుకుందాం. హైవే మీద బైక్ ప్రమాదం, వెనక తమ్ముడు. తమ్ముడు బతికాడు, కాలికి రాడ్డు వేశారు, ఇప్పుడు నడుస్తున్నాడు కూడా. అన్నకి మాత్రం కలలు ఆగలేదు. ఒకటి లారీ లైట్ల కల. రెండోది ఆస్పత్రి కల: పొడవాటి వరండా, అటూ ఇటూ మూసిన తలుపులు, తమ్ముడు ఏ గదిలో ఉన్నాడో ఎవరూ చెప్పరు.

దేనితో మొదలుపెట్టాలి? లారీతో కాదు. అందరూ చేసే తప్పు ఇదే, ఘోరమైనదాన్నే ముందు పట్టుకుంటారు. ఈత నేర్చుకునేవాడు నడిబావిలో దూకడు కదా. భయం పదికి నాలుగైదు ఉండే కలను ఎంచుకోండి. ఇతనికి అది వరండా.

ఆ కలను కాగితం మీద ఒకసారి, క్లుప్తంగా రాసి పక్కన పెట్టాలి. ఇక మార్చడం. ఎక్కడైనా మార్చొచ్చు, ఎలాగైనా మార్చొచ్చు, లాజిక్ అక్కర్లేదు. ఇతను ఇలా రాసుకున్నాడు: ‘మూడో తలుపు తోస్తాను. లోపల అమ్మమ్మ వాళ్ల పెరడు. తడి మట్టి వాసన. తమ్ముడు జామచెట్టెక్కి కూర్చుని, దోరకాయ ఒకటి నా వైపు విసురుతాడు. పట్టుకుంటాను, చేతికి చల్లగా తగులుతుంది.’ చూశారా, రంగు, వాసన, స్పర్శ అన్నీ ఉన్నాయి. ‘అంతా బాగైపోయింది’ అని రాస్తే మనసు పట్టించుకోదు. పగ తీర్చుకునే ముగింపులు వద్దని నా సలహా. అవి మళ్లీ ఒళ్లు వేడెక్కిస్తాయి.

రోజూ పగటిపూట పది నుంచి ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుని, కొత్త కలను మాత్రమే కళ్ల ముందు నడిపించండి. పాతదాన్ని మళ్లీ చదవొద్దు. మంచం మీద చేయొద్దు, రెండో పాఠం గుర్తుందిగా. వారానికి ఒక కల చాలు. చేస్తుండగా గుండె దడ పెరిగితే ఆపి, పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి.

‘కల రాసుకుంటే పోతుందా, ఇదేం చోద్యం!’ అనిపించడం సహజమే. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైంగిక దాడికి గురై పీటీఎస్‌డీతో బాధపడుతున్న 168 మంది మహిళలతో నిద్ర వైద్యుడు బారీ క్రాకో బృందం ఈ పద్ధతిని పరీక్షించి, 2001లో ఫలితాలు ప్రచురించింది. మూడే సిట్టింగులు. నేర్చుకున్నవాళ్లకు పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగుపడింది, పీటీఎస్‌డీ లక్షణాలూ తగ్గాయి. అయితే జామచెట్టు కలే రాత్రి వస్తుందని ఎదురుచూడకండి. చాలామందికి పాత కల పలచబడుతుంది, దారి తప్పుతుంది, లేదా రావడం మానేస్తుంది. కొన్ని వారాలు పడుతుంది.

పీడకలకి బీపీ మందు రాశారేంటని కంగారుపడేవాళ్లకు ఒక మాట. అది ప్రజోసిన్ అయ్యుంటుంది. చిన్న అధ్యయనాల్లో బాగా పనిచేసింది. 2018లో 304 మంది అమెరికా మాజీ సైనికులతో చేసిన పెద్ద పరీక్షలో మాత్రం ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగనిపించలేదు. అయినా కొందరికి పనికొస్తుందని డాక్టర్లు ఇస్తున్నారు. మొదట్లో లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు, మెల్లగా లేవండి. సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, కూర్చున్నచోటే జరిగింది మళ్లీ జరుగుతున్నట్టు అనిపించి తేరుకోలేకపోతున్నా ఈ సాధన ఒంటరిగా చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారం పని: ఒక చిన్న కల, ఒక మార్పు, ఏడు రోజులు. డైరీలో ‘పీడకల’ పక్కన ‘సాధన’ అని ఇంకో గడి గీసుకోండి. ‘ఒక పెగ్గేస్తే హాయిగా పడుకుంటా’ అనేవాళ్ల సంగతి, గట్టిగా గురక పెట్టేవాళ్ల సంగతి ఐదో పాఠంలో.